140 గరిటెలకు 38 కేటగిరీలు, ఎట్లా తగ్గించేది?

గరిటెలబ్బాయి, నెల్లూరు:
అందరికీ నమస్తే. మాది ఉదయగిరి. మా ఊళ్లో చెక్కే చెక్క గరిటెలు, స్పూన్లు నెల్లూరు నుంచి వూకామర్స్ (ఆన్‌లైన్ షాపు నడిపే సాఫ్ట్‌వేర్) సైటు పెట్టి అమ్ముతున్నా. సరుకు 140 రకాలు, కేటగిరీలు 38. మొదట చెక్కే పనిలో ఉన్న మా మామ చెప్పినట్టు నర్ది, బిక్కి అని కర్రను బట్టి పెట్టా. తర్వాత 'చేతిపని', 'గిఫ్టులు', 'సంక్రాంతి ఆఫర్', 'దసరా ఆఫర్' అంటూ తగిలించుకుంటూ పోయా. ఇప్పుడు 11 కేటగిరీల్లో ఒక్కో వస్తువే ఉంది. నిన్న ఒకావిడ ఫోన్ చేసి "దోసె తిప్పే అట్లకాడ ఎక్కడుంది బాబూ?" అంది. వెతకడానికి నాకే రెండు నిమిషాలు పట్టింది! సైటు చేసిచ్చినాయనేమో ఎన్ని కేటగిరీలుంటే గూగుల్‌కి అంత మంచిదన్నాడు. నిజమేనా? తీసేస్తే వచ్చే నలుగురూ రారేమోనని టెన్షన్.

నట్లూబోల్టులూ, ఒంగోలు:
ఆ మాట నమ్మకండి. ఒక్క వస్తువున్న కేటగిరీ పేజీకీ ఆ వస్తువు పేజీకీ తేడా ఏముంది? మా హార్డ్‌వేర్ షాపు సైటులో నేనూ కంపెనీకో కేటగిరీ పెట్టి దెబ్బతిన్నా. వచ్చినాయన బాత్రూం కుళాయి కావాలంటాడు గానీ కంపెనీ పేరు ఎత్తడు. కర్ర పేరు మీ మామకు ముఖ్యం, కొనేవాళ్లకు వంట ముఖ్యం. అట్లకాడలు, గరిటెలు, తెడ్లు, పప్పుగుత్తులు, స్పూన్లు, ఇట్లా ఆరేడు చాలు. నర్ది, బిక్కి ఆట్రిబ్యూట్‌గా, అంటే వస్తువు లక్షణంగా పెట్టండి, కావాలన్నవాళ్లు ఫిల్టర్ చేసుకుంటారు. గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ టూల్‌లో జనం ఏం కొట్టి వస్తున్నారో చూసి, ఆ మాటే పేరు పెట్టండి.

దర్గామిట్ట:
ఊరికే డిలీట్ కొట్టకండి అన్నా. పాత కేటగిరీ అడ్రసు నుంచి దానికి దగ్గరగా ఉన్న కొత్తదానికి 301 రీడైరెక్ట్ (పాత అడ్రసుకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపేది) పెట్టండి. అన్నిటినీ హోం పేజీకి తోసేస్తే గూగుల్ వాటిని లేని పేజీల కింద లెక్కేస్తుంది. పర్మాలింక్‌లో, అంటే పేజీ శాశ్వత అడ్రసులో కేటగిరీ పేరుంటే వస్తువుల అడ్రసులూ మారిపోతాయి, ముందు అది చూడండి. ఆఫర్లకు ఒకటే పేజీ, ఏ పండగకైనా అదే. పేర్లు మాత్రం మీరొక్కరే కూర్చుని పెట్టొద్దు. వస్తువుల పేర్లు చీటీల మీద రాసి, వంట చేసేవాళ్ల ముందు పోసి కుప్పలు వేయమనండి.

గరిటెలబ్బాయి, నెల్లూరు:
అమ్మ, చెల్లి, పక్కింటి అత్త, ముగ్గురితో వేయించా. ముగ్గురూ 'నాన్‌స్టిక్ పెనానికి' అని ఒక కుప్ప వేశారు! నా 38లో ఆ మాటే లేదు. కవ్వం దగ్గరే గొడవ. అమ్మ పప్పుగుత్తి పక్కన పెట్టింది, అత్త మజ్జిగ సామాను అని విడిగా పెట్టింది. రెండుచోట్లా పెట్టొచ్చా?

నట్లూబోల్టులూ, ఒంగోలు:
పర్మాలింక్‌లో కేటగిరీ లేకపోతే వస్తువు అడ్రసు ఒక్కటే, నిశ్చింతగా పెట్టండి. కానీ కవ్వం ఒక్కదాని కోసం 'మజ్జిగ సామాను' తెరిస్తే ఒక్క వస్తువే ఉన్న ఆ 11 కేటగిరీలకు మళ్లీ 12వది మొదలైనట్టే. అమ్మ మాటే వినండి. నాకూ ఒక అట్లకాడ పంపండి, నర్దో బిక్కో మీ ఇష్టం.