సగం దాటేశాం కదా, ఇంకా బొగ్గు ప్లాంట్లు కట్టాలా?

కృష్ణాతీరం: 2030 నాటికి కరెంటు ఉత్పత్తి సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానివే ఉండాలన్న లక్ష్యాన్ని దేశం 2025లోనే అందుకుంది. 2070కి నెట్ జీరో (గాలిలోకి వదిలినంత కార్బన్‌ను తిరిగి తీసేయడం) అని గ్లాస్గో వాతావరణ సదస్సులో మాట కూడా ఇచ్చాం. మరి నల్గొండ జిల్లా దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు ప్లాంటు ఎందుకు కట్టినట్టు? ఒకసారి కడితే దశాబ్దాల పాటు మండిస్తూనే ఉండాలి.

ఖనివాసి: సామర్థ్యం (ప్లాంట్లు గరిష్ఠంగా తీయగలిగేది) వేరు, నిజంగా తీసే ఉత్పత్తి వేరండీ. బోర్డు మీద సగం దాటింది సరే, మీ మీటర్లో తిరిగే యూనిట్లలో 70 శాతానికి అటూ ఇటూగా ఇప్పటికీ బొగ్గువే. 2024 మే చివర్లో ఎండ ఉన్న వేళ దేశం డిమాండు 250 గిగావాట్లు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు). ఎండ లేని వేళ? 234. ఏసీలు సూర్యుడితో పాటు పడుకోవు మరి!

కృష్ణాతీరం: అందుకేగా స్టోరేజీ. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టారు. పగలు సోలార్‌తో నీళ్లు పైకి తోడడం, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీయడం.

ఖనివాసి: మంచిదే. కానీ తోడటానికి పట్టిన కరెంటులో అయిదో వంతు పైగా తిరిగిరాదు. పైగా నీళ్లు ఉన్నంతసేపే. ముసురు పట్టి వారం రోజులు సూర్యుడు కనబడకపోతే ఏం చేద్దాం?

బోరుబావి: మీ ఇద్దరూ బోర్లను మర్చిపోయారు. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే అర్ధరాత్రి కూడా మోటారు నడుస్తుంది, అందులో ఎక్కువ భాగం బొగ్గు కరెంటే. ఆంధ్రలో పగటిపూట 9 గంటలన్నారు. ఆ లోడంతా ఎండ వేళకు వస్తే దానికోసం బ్యాటరీ కూడా అక్కర్లేదు. చవకలో అయ్యే పని వదిలేసి గిగావాట్ల గొప్పలు దేనికి?

ఖనివాసి: ఇది ఒప్పుకుంటా. రాత్రి పాముల మధ్య పొలానికి వెళ్లే బాధా తప్పుతుంది. కాకపోతే ఇచ్చిన 24 గంటలు తగ్గించే ధైర్యం ఏ పార్టీకి ఉంది?

బోరుబావి: తగ్గించమనలేదు అన్నా. పగలు వోల్టేజీ పడిపోకుండా ఇస్తే రాత్రి ఎవరూ వేయరు. లోడు ఎక్కువై ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతుంటేనే రాత్రికి జరుగుతారు. కొత్త ప్లాంట్లకు పెట్టే డబ్బు ముందు సబ్‌స్టేషన్ల మీద పెట్టాలి.

కృష్ణాతీరం: సరే, బోర్లు పగటికి వస్తాయి. హైదరాబాద్ ఏసీలు రావుగా. కాబట్టి నా మాట: యాదాద్రి ఎలాగూ కట్టేశారు, నడపండి. ఇంకో కొత్త బొగ్గు యూనిట్‌కు సంతకం పెట్టేముందు, అదే డబ్బుకు సాయంత్రం ఎన్ని గంటల స్టోరేజీ వస్తుందో టెండరు పిలిచి చూడండి.