తమరెవరి తాలూకండీ?

తాలూకా అనేది రెవెన్యూ మాటనీ, మనుషులకి వాడకూడదనీ నిన్న ఒకరు రాశారు. వాడొచ్చండీ. అరబ్బీలో 'తఅల్లుక్' అంటే సంబంధం. అది పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. రెవెన్యూ అర్థం కూడా అందులోంచి పుట్టిందే. 1985లో మండలాలొచ్చి ఆ తాలూకాలు పోయాయి గానీ, మా శ్రీకాకుళంలో మనుషుల తాలూకాలు అలాగే ఉన్నాయి.

మా వైపు కొత్త మనిషిని, అందులోనూ పెద్దవాళ్ళని, మొహం మీదే పేరడగం. 'తమరెవరి తాలూకండీ?' అంటాం. చెప్పేవాళ్ళూ ఇంటి పెద్ద పేరో ఊరి పేరో ముందు చెబుతారు. తమ పేరు అడిగితేనే వస్తుంది. తన పేరుకి తానే 'గారు' తగిలించుకోకూడదు అనుకుంటామే, అలాంటి మర్యాదే ఇదీ.

మొన్న ఆమదాలవలసలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బంతిలో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. నీరుకావి పంచె, భుజాన తువ్వాలు. వడ్డిస్తున్న కుర్రాడు 'పెళ్ళికూతురి తాలూకానా బాబూ?' అని అడిగాడు. 'అవును నాయనా, వాళ్ళ నాన్నకి ఎక్కాలు చెప్పాను' అన్నారాయన. అంతే, మళ్ళీ పప్పన్నంలో పడ్డారు. చెయ్యి కడుక్కోడానికి లేచేసరికి నడివయసు మగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కాళ్ళకి దణ్ణం పెడుతున్నారు. ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేశారని వాళ్ళు చెబితే తెలిసింది నాకు.

2024 ఎన్నికలప్పుడు 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అని బళ్ళ మీద స్టిక్కర్లు వచ్చాయి. ఆ తర్వాత ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు పెట్టుకుంటున్నారు. అభిమానాన్ని నేను తప్పు పట్టను. కానీ ఎక్కడివాళ్ళమో చెప్పుకునే మాట, ఎంతటివాళ్ళమో చూపించుకునే మాట అయిపోతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

మనుషులకే కాదు, గిన్నెలకీ మాకు ఇదే మాట. ఇంట్లో పెళ్ళయిన మర్నాడు మా అమ్మమ్మ అరువు తెచ్చిన సామానంతా ముందేసుకుని, ఒక్కో గిన్నే తిరగేసి, చెక్కిన పేరు చూసి, 'ఇది కరణంగారి తాలూకు, ఇది పెద్దింటి తాలూకు' అని వేరు చేసేది. ఆవిడ నోట ఎప్పుడూ 'తాలూకు' అనే విన్నాను, 'తాలూకా' అని కాదు. బొబ్బిలి, పార్వతీపురం వైపు వాళ్ళు ఏమంటారో చెప్పండి.