పాత జీపు ఛాసిస్‌కి పగులు: ప్లేటు ఎలా వేయించాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. నాన్నగారు వాడిన మహీంద్రా ఎమ్‌ఎమ్ 540 జీపు ఉంది. కొండపల్లి వైపు రాళ్ల దారుల్లో తిప్పుతుంటాను. ఇప్పుడు స్టీరింగ్ బాక్స్ బిగించే చోట ఛాసిస్ (బండి కింది ఉక్కు చట్రం) పగిలింది. గ్రీజు తుడిచి వైర్ బ్రష్‌తో రుద్దితే, బోల్టు రంధ్రం దగ్గర మొదలైన సన్నని గీత కింది అంచు వైపు పాకి ఉంది. బండి ఆపి, ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే ఆ గీత నోరు తెరిచి మూసుకోవడం స్పష్టంగా కనిపిస్తోంది. ఇక బండి బయటికి తీయలేదు.

ఆటోనగర్‌లో ఒకాయన పగులు మీదే వెల్డింగ్ కొట్టి, పైన చదరపు ప్లేటు వేస్తానన్నారు. నాకు మనసొప్పలేదు. పగులు చివర చిన్న రంధ్రం వేసి అది పాకకుండా ఆపాలి. గ్రైండర్‌తో గాడి తీసి లోపలిదాకా నింపాలి. ప్లేటు ఆ తర్వాతే. దాని చివరలు కూడా ఏటవాలుగా కోయాలి, నిలువుగా వెల్డింగ్ చేస్తే ఆ పక్కనే మళ్లీ పగులుతుంది.

నా సందేహాలు: ప్లేటు 3 ఎంఎం చాలా, 4 కావాలా? ఆర్క్ వెల్డింగ్ అయితే 7018 రకం వెల్డింగ్ రాడ్ మంచిదంటారు, కానీ మన ఉక్కపోతకి రాడ్లు చెమ్మ పట్టకుండా ఎలా ఉంచుతున్నారు? రాడ్ బదులు తీగతో చేసే మిగ్ వెల్డింగ్ అయితే మేలా? బోల్టులు బిగిస్తే ఛాసిస్ నొక్కుకుపోకుండా లోపల స్లీవ్ పైపులు వేయించినవాళ్లు ఉన్నారా?

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఈ పని స్వయంగా చేసినవాళ్లు చెప్పండి. ఫోటోలుంటే ఇంకా మేలు.