"ఊరకుండుడి" అంటే నోరు మూసుకోమనేనా?

బైబిల్లో కీర్తనలు 46:10లో "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అని ఉంది కదా. సండే స్కూల్లో మేం గోల చేసినప్పుడల్లా టీచరమ్మ ఈ వాక్యమే ఎత్తుకునేది, అందుకే చాలా ఏళ్ళపాటు నాకది బెత్తం పట్టుకున్న మాటలాగే వినపడింది. ఇప్పుడు నాలుగున్నరకే లేచి ఒక్కదాన్నే ప్రార్థనకి కూర్చుంటున్నాను. నోరు మూస్తాను గానీ లోపల ఇడ్లీ పిండి, పిల్లాడి ఫీజు, నిన్న ఆఫీసులో పడ్డ మాట, అన్నీ ఒక్కసారే మొదలు. ఈ మాటకి ఇంకో అర్థం ఏమైనా ఉందా?

జవాబు: ఉందండీ. హీబ్రూలో అక్కడున్నది "హర్పూ", "రాఫా" అనే ధాతువు నుంచి వచ్చింది. పట్టు సడలించడం, వదిలేయడం, చేతులు వాల్చేయడం దాని అర్థాలు. 9వ వచనం చూడండి, విల్లు విరవడం, బల్లెం నరకడం, రథాలు కాల్చడం, అంతా యుద్ధమే. ఆ వెంటనే వచ్చే మాట ఇది, అదీ బహువచనంలో, అంటే గుంపుని ఉద్దేశించి చేతిలోది కింద పడేయమన్నట్టు. మనమేమో దాన్ని కొలను బొమ్మ పక్కన క్యాలెండరు మీద అచ్చేసుకున్నాం.

తెలుగు మాట కూడా తక్కువదేం కాదు. "ఊరక రారు మహాత్ములు" అని పోతన అన్నప్పుడు ఊరక అంటే కారణం లేకుండా. "ఊరికే ఇచ్చాడు" అంటే డబ్బు తీసుకోకుండా. తెలంగాణలో "ఊకె కూసున్న" అంటే పనేం పెట్టుకోకుండా కూర్చున్నానని. ఇక ఏడ్చే పిల్లని భుజాన వేసుకుని "ఊరుకో తల్లీ, ఊరుకో" అంటాం చూడండి, అక్కడ నోరు ముయ్యమనే అర్థం ఎవరికైనా తోస్తుందా? నా మటుకు ఆ వాక్యాన్ని ఈ "ఊరుకో" గొంతుతోనే చదువుకోవాలి.

ఇంకో జవాబు: మాది చెన్నై. తమిళ బైబిల్లో ఇక్కడ "అమర్ందిరుందు" అని ఉంటుంది, కుదురుగా కూర్చుని అన్నట్టు. హిందీలో మాత్రం "చుప్ హో జావో", మీ టీచరమ్మ అక్కడ చదువుకున్నారేమో!

మొదట అడిగినావిడ: నవ్వాగట్లేదండీ. "ఊరుకో" అనగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మోకాళ్ళ నొప్పులొచ్చాక మోకరించడం మానేసి, సాయంత్రం గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకునేది, పెదవులు కూడా కదిలేవి కావు. ఏం అడుగుతున్నావే అంటే "ఏం లేదే, ఊరికే కూర్చున్నా ఆయన దగ్గర" అనేది. నిద్రపోతోందనుకునేవాళ్ళం. రేపు పొద్దున ఆ పిండి సంగతి వచ్చినప్పుడు దాన్ని తోసేయకుండా, నాకు నేనే ఒకసారి "ఊరుకో" అనుకుని చూస్తాను.