గోదాట్లో పోయాడన్న మా పెదతాత: నేవీ రికార్డులు ఎక్కడ వెతకాలి?

రాజోలు కుర్రాడు:

నమస్కారమండీ. మా తాతయ్య అన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో ఉండగా 1945లో పోయారు. పేరు వీరాస్వామి. పెదతాత అంటున్నాను గానీ, పోయేనాటికి ఆయనకి ఇరవయ్యో ఇరవై ఒకటో. నాకిప్పుడు ముప్పై నాలుగు.

ఇంట్లో చెప్పుకునే కథ ఇదీ. సెలవు మీద వస్తున్నానని ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వారం తర్వాత టెలిగ్రాం వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే పోస్టుమాస్టరు గారే చదివి "మీవాడు గోదావరి మీద పోయాడు" అన్నారట. అప్పట్లో మా ఊరు రావాలంటే పాలకొల్లులో రైలు దిగి, చించినాడ రేవులో వశిష్ఠ దాటాలి. పడవ మునిగిందనుకున్నారు. మా ముత్తాత, ఊళ్ళోవాళ్ళూ పడవలేసుకుని అంతర్వేది దాకా మూడు రోజులు వెతికారు. ఏమీ దొరకలేదు. "గోదాట్లో పోయాడు" అన్న మాటే మిగిలింది. ప్రతి పుష్కరాలకీ మావాళ్ళు ఆయనకి పిండం పెడుతున్నారు. 2015లో నాన్న పెట్టినప్పుడు పక్కన నేనూ ఉన్నాను.

నా అనుమానం ఒకటే. రేవు పడవ మునిగితే ఈయనొక్కడే పోతాడా? ఆ చుట్టుపక్కల ఇంకే ఇంట్లోనూ ఈ కథ లేదు, అడిగి చూశాను.

టెలిగ్రాం, ఉత్తరం 1996 తుపానులో పెట్టెతో సహా పోయాయి. మిగిలింది ఒక ఫోటో, వెనకాల కరాచీ స్టూడియో ముద్ర. టోపీ రిబ్బను మీద "హెచ్.ఎం.ఐ.ఎస్." అని మాత్రమే ఉంది, ఓడ పేరు లేదు. ఇంకోటి ఆరు కోణాల కంచు నక్షత్రం. చిన్నప్పుడు అది జేబుకి పెట్టుకుని పోలీసాట ఆడేవాళ్ళం, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన పోయాక మా ముత్తవ్వకి నెలనెలా మనియార్డరు వచ్చేదని తాతయ్య చెల్లెలు చిట్టి మామ్మ చెబుతుంది. ఆవిడకి తొంభై దగ్గర పడ్డాయి. అందుకే నాకు తొందర.

మన నేవీకి రాయాలా, లండన్‌కి రాయాలా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మాజీ పెట్టీ ఆఫీసర్:

బాబూ, నేను నేవీలో పదిహేనేళ్ళు చేశాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. పోస్టుమాస్టరు తప్పు చదివి ఉండడు. ఆ గోదావరి నది కాదు, ఓడ అయ్యుంటుంది.

అప్పటి రాయల్ ఇండియన్ నేవీలో నదుల పేర్లతో స్లూప్‌లు, అంటే చిన్న యుద్ధనౌకలు, ఉండేవి. సట్లెజ్, జమున, నర్బద, కావేరి, కిస్ట్నా, గోదావరి. కిస్ట్నా అంటే మన కృష్ణే. హెచ్.ఎం.ఐ.ఎస్. అంటే 'హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్', అప్పటి మన నేవీ ఓడలన్నిటి పేర్ల ముందూ ఉండేదే. హెచ్.ఎం.ఐ.ఎస్. గోదావరిని ఇంగ్లండులో థార్నీక్రాఫ్ట్ కంపెనీ కట్టింది, 1943లో సర్వీసులోకి వచ్చింది. సరుకు ఓడలు గుంపుగా పోతుంటే పక్కన కాపలా వెళ్ళడం, సబ్‌మెరైన్లని వేటాడడం దాని పని. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర ఫైండ్‌హార్న్ అనే బ్రిటిష్ ఓడతో కలిసి యు-198 అనే జర్మన్ సబ్‌మెరైన్‌ని ముంచేసింది. మీ పెదతాత అప్పటికే ఆ ఓడ మీద ఉంటే, ఆ రోజు చూసినవాడే.

ఒక్క జాగ్రత్త. గోదావరి ఆ యుద్ధంలో మునగలేదు. విభజనలో పాకిస్తాన్ వాటాకి పోయి 1948లో 'సింద్' అయింది. కాబట్టి బాంబు పడి పోయాడని ఇప్పుడే కథ అల్లుకోకండి. సముద్రం మీద జ్వరమొచ్చి పోయినవాళ్ళున్నారు, డెక్కు మీంచి అల కొట్టుకుపోయినవాళ్ళున్నారు. నెట్‌లో 'ఐ.ఎన్.ఎస్. గోదావరి' అని కొడితే 1983 నాటి ఫ్రిగేట్ వస్తుంది. అది వేరే ఓడ, దాన్ని పట్టుకుని తిరగొద్దు.

టోపీ మీద ఓడ పేరు లేకపోవడం కూడా ఒక ఆనవాలే. ఏ ఓడ ఏ రేవులో ఉందో శత్రువుకి తెలియకూడదని యుద్ధకాలంలో రిబ్బన్ల మీద పేర్లు తీసేశారు. మనియార్డరు సంగతి అంటారా, సర్వీసులో ఉండగా పోయినట్టు లెక్క కడితేనే అది వస్తుంది.

రాజోలు కుర్రాడు:

సార్, ఇది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. ఓడకి మా గోదావరి పేరుంటుందని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

నక్షత్రం వెనక సన్నటి గీతల్లాంటివి కనిపిస్తున్నాయి. చింతపండు పెట్టి తోమితే బయటపడతాయా?

మాజీ పెట్టీ ఆఫీసర్:

చింతపండు వద్దు! చెయ్యి కూడా వెయ్యకండి. భారతీయ సిపాయిలకి, నావికులకి ఇచ్చిన ఆ కాలం పతకాల మీద నంబరు, పేరు చెక్కి ఉండొచ్చు. తోమితే అవే ముందు పోతాయి. చీకట్లో టార్చి పక్కనుంచి వాలుగా వేసి ఫోటో తీయండి, అక్షరాల నీడ పడుతుంది.

పాత కాగితాల పిచ్చి:

లండన్ దాకా అక్కర్లేదండీ. ముందు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (యుద్ధాల్లో పోయినవాళ్ళ సమాధులు, పేర్ల జాబితాలు చూసుకునే సంస్థ) వెబ్‌సైట్‌లో వెతకండి, పైసా ఖర్చు లేదు. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 లోపు సర్వీసులో ఉండగా పోతే, జబ్బు చేసి పోయినా సరే, నేవీవాళ్ళ పేర్లు అందులో ఎక్కిస్తారు. సమాధి లేనివాళ్ళవి కూడా. సముద్రంలో పోయిన మనవాళ్ళ పేర్లు బొంబాయి స్మారకం కింద ఉంటాయి. స్మారకం అంటే రాతి స్తంభం అనుకునేరు, పుస్తకం. ముంబైలో ఇండియన్ సీమెన్స్ హోమ్‌లో ఒకటి, అదే జాబితాతో చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఇంకొకటి. నేవీవాళ్ళు 400 పైచిలుకు, సరుకు ఓడల కళాసీలు దాదాపు 6,000. మా అమ్మమ్మ నాన్నగారు ఆ ఆరు వేలలో ఒకరు.

ఆయన్ని పట్టుకోడానికి నాకు పది నెలలు పట్టింది. అంతా స్పెల్లింగు వల్లే. మనవాళ్ళ పేరు అడిగి, తనకి వినిపించినట్టు రాసుకున్న గుమస్తా ఎవరో! వీరాస్వామిలో మొదటి అక్షరం 'వి' అవ్వచ్చు, 'డబ్ల్యూ' అవ్వచ్చు. 'ఈ'కి రెండు ఇ-లు పెట్టొచ్చు, ఒక్క ఐతో సరిపెట్టొచ్చు. చివర 'వై'యో 'ఐ'యో. ఇంటిపేరు ఒక్కోసారి అసలుండదు, ఒక్కోసారి ఇంటిపేరే పేరై కూర్చుంటుంది. అందుకే పేరుతో వెతకడం మానేయండి. రాయల్ ఇండియన్ నేవీ, 1945 అని పెట్టి, వచ్చిన జాబితా మొత్తం కళ్ళతో చదవండి. నాలుగు వందల పేర్లంటే ఒక్క పూట పని.

రాజోలు కుర్రాడు:

దొరికారు!

ఒక్క పూటలో కాలేదు, మూడు రాత్రులు పట్టింది. పాత కాగితాలు గారు చెప్పినట్టే 'డబ్ల్యూ'తో ఉంది. మధ్యలో ఒక అక్షరం ఎగిరిపోయింది కూడా. నేను టైపు చేసి వెతికితే జన్మలో దొరికేది కాదు. ఓడ పేరు దగ్గర హెచ్.ఎం.ఐ.ఎస్. గోదావరి. కింద ఫలానావారి కొడుకు, తూర్పు గోదావరి జిల్లా అని మా ముత్తాత పేరు. ఒక్క ఎంట్రీలో రెండు గోదావరులు. ఇంక ఆ పోస్టుమాస్టరుని ఏమనగలం?

టార్చి వేసి చూస్తే నక్షత్రం వెనక నంబరులో చివరి మూడంకెలు కనిపించాయి. ఎంట్రీలో ఉన్న సర్వీసు నంబరుతో సరిపోయాయి. అప్పుడు గానీ నాన్న నమ్మలేదు.

చిట్టి మామ్మకి ఫోనులో చెబితే సరిగ్గా వినబడక, ఆదివారం వెళ్ళి పక్కన కూర్చుని చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే అన్నయ్య మన రేవు దాకా రానేలేదన్నమాట" అంది. కాసేపాగి, "నాన్న మూడో రోజు పొద్దుపోయాక వచ్చాడు. అరిచేతులు రెండూ బొబ్బలెక్కిపోయి ఉన్నాయి. అమ్మే అన్నం కలిపి నోట్లో పెట్టింది" అంది. ఆ సంగతి నేనెప్పుడూ వినలేదు. 2027 పుష్కరాలకి పిండం మానేస్తామేమోనని భయం పట్టుకుంది ఆవిడకి, మానొద్దని రెండుసార్లు చెప్పింది.

ఎలా పోయారన్నది ఎంట్రీలో లేదు. అది ఎక్కడ దొరుకుతుంది?

మాజీ పెట్టీ ఆఫీసర్:

సంతోషం బాబూ. ఇప్పుడు నంబరుంది కాబట్టి పని సులువు. సెయిలర్ల సర్వీసు కాగితాలు చూసేది ముంబై మాన్‌ఖుర్ద్ చీతా క్యాంప్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్. ఉత్తరం పైనే సర్వీసు నంబరు, ఆ ఎంట్రీలో ఉన్న స్పెల్లింగుతోనే పేరు, ఓడ, పోయిన తేదీ రాయండి. సరైన స్పెల్లింగు అని మీరు దిద్దితే వాళ్ళకి దొరకదు. ఎంట్రీ ప్రింటు, మీరు ఏమవుతారో చూపించే కాగితం జత చేయండి. నాన్నగారి చేత సంతకం పెట్టించండి, ఆయన ఒక తరం దగ్గర.

జవాబు రాకపోతే ఆర్టీఐ ఉంది. ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు.

ఇంకోటి. ఆ నక్షత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, మన కోనసీమ చెమ్మకి పచ్చబడుతుంది. పాత పంచె గుడ్డ చాలు.