కంప్యూటర్ రికార్డులు వచ్చాక మీ పని తగ్గిందా, పెరిగిందా?

మా క్లినిక్‌లో వచ్చే నెల నుంచి కేస్ షీట్లు ఆపేసి అంతా సాఫ్ట్‌వేర్‌లోకి మారుస్తున్నారు. డెమో బ్రహ్మాండంగా ఉంది, కానీ డెమోలో ఎదురుగా పేషెంటు ఉండడు కదా. ఇప్పటికే వాడుతున్న డాక్టర్లు ఉన్నదున్నట్టు చెప్పండి, మనిషి ముఖం చూసి మాట్లాడే తీరిక ఉంటోందా?

జనరల్ ఫిజీషియన్:
మొదట్లో అయితే ఆశ పెట్టుకోకండి. 2016లో అమెరికాలో డాక్టర్ల పక్కనే ఉండి టైమ్ లెక్కగట్టిన అధ్యయనంలో, పేషెంటుతో గడిపే ప్రతి గంటకీ దాదాపు రెండు గంటలు రికార్డులకీ డెస్క్ పనికీ పోతున్నాయని తేలింది, రాత్రి ఇంట్లో కూర్చుని చేసేది కాక. నాకు టైపింగ్ కన్నా చిరాకు మందులు రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ చూపించే హెచ్చరికలు. దేనికీ పనికిరాని చిన్న విషయానికీ స్క్రీన్ మీద ఒక పెట్టె వస్తుంది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే మనిషికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, అంటే నిజంగా రక్తస్రావం ప్రమాదం ఉన్నప్పుడూ, అదే సైజు, అదే రంగు పెట్టె. రోజంతా మూసేసే వేలు దీన్నీ చదవకుండా మూసేస్తుంది.

నెఫ్రాలజిస్టు:
నన్ను మళ్లీ కాగితానికి వెళ్లమంటే వెళ్లను సార్. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మూడేళ్లుగా ఎలా పెరుగుతోందో ఒక్క గ్రాఫ్‌లో కనిపిస్తుంది, పేషెంటుకీ స్క్రీన్ తిప్పి చూపిస్తే మందులు మానకూడదని వేరే చెప్పక్కర్లేదు. నా గొడవంతా పాత నోట్‌నే కొత్త రోజుకి కాపీ పేస్ట్ చేయడంతోనే. ఆపరేషన్ అయిన నాలుగో రోజు నోట్‌లో కూడా "రేపు ఆపరేషన్" అని ఉంటే ఇంకేం నమ్ముతాం?

పిల్లల డాక్టర్:
తప్పు సాఫ్ట్‌వేర్ ఒక్కదానిదే కాదండి. ఒకే సాఫ్ట్‌వేర్ వాడినా అమెరికా డాక్టర్ల నోట్లు మిగతా దేశాల వాటికంటే సగటున దాదాపు నాలుగు రెట్లు పొడవని 2018లో ఒక వ్యాసం వచ్చింది. బిల్లింగ్ కోసం, నిబంధనల కోసం రాసేదే ఎక్కువ మరి. అందుకే ఏ గడులు తప్పనిసరిగా నింపాలో మీ క్లినిక్‌లో ఎవరు నిర్ణయిస్తున్నారో ముందే అడగండి, ఆ మీటింగ్‌లో డాక్టర్ లేకపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదు. మాటలు విని నోట్ రాసిపెట్టే ఏఐ టూల్స్ కొంత ఊరటే, కానీ అనని మాటలు కూడా చేరుస్తాయి, చదవకుండా సంతకం పెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అందరికీ. సర్వర్ పడిపోతే ఏం చేస్తున్నారు?

నెఫ్రాలజిస్టు:
కాగితమే! ప్రింటు చేసిన ఖాళీ ఫారాలు డ్రాయర్‌లో ఉంచుకోండి. తర్వాత వాటిని ఎవరు ఎక్కించాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి, లేదంటే అదీ మీ నెత్తిమీదే పడుతుంది.