ఏప్రిల్ ఉక్కలో బీచ్ రోడ్డు మీద 21 కి.మీ.: పేస్ ఎంత, నీళ్లెన్ని, ఉప్పెంత?

సాగర్‌నగర్_రన్నర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం అండి. ఏప్రిల్ ఆఖరి ఆదివారం మా గ్రూపులో 21.1 కి.మీ. పెట్టుకున్నాం. వైజాగ్ ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర పొద్దున్న 5 గంటలకు మొదలు, ఋషికొండ వైపు వెళ్లి అదే దారిలో వెనక్కి. నా బరువు 70 కిలోలు. చలికాలంలో ఇదే దూరం 2 గంటల్లో అవుతుంది, అంటే పేస్ కి.మీ.కి 5:41 (5 నిమిషాల 41 సెకన్లు). లాంగ్ రన్ 18 కి.మీ. దాకా చేశాను.

వాటర్ పాయింట్లు 2.5 కి.మీ.కి ఒకటి. పేపర్ గ్లాసులో సుమారు 150 మి.లీ. పోస్తారు. ఈ ఉక్కలో ఏ పేస్‌తో మొదలుపెట్టాలి? జెల్స్ (పరుగులో మింగే చక్కెర గుజ్జు పొట్లాలు) ఎన్ని, ఎప్పుడు? ఉప్పు మాత్రలు కావాలా, కొబ్బరినీళ్లతో సరిపోతుందా? "తాగగలిగినన్ని నీళ్లు తాగు" అని కొందరు, "దాహమేస్తేనే తాగు" అని కొందరు చెబుతున్నారు. అంకెలతో చెప్పగలిగేవాళ్లు చెప్పండి.

జోడుగుళ్లపాలెం_మలుపు

పేస్ సంగతి నేను చెబుతాను, తిండీ నీళ్లూ వేరేవాళ్లు అందుకుంటారు.

ఉష్ణోగ్రత చూసి పేస్ పెట్టుకోకండి. ఆ టైముకి మన దగ్గర 27, 28 డిగ్రీలే చూపిస్తుంది. పొడిగాలి ఉన్న ఊళ్లో అది పెద్ద ఇబ్బంది కాదు. ఇక్కడ సముద్రం పక్కన తెల్లవారుజామున గాలిలో తేమ 85 శాతం చుట్టూ ఉంటుంది, చెమట ఆరదు. చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఒంటిమీదే ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడి తీసుకుపోతుంది. అదే చెమట చుక్కలుగా రోడ్డు మీద పడితే నీళ్లూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉంటుంది. 70 కిలోల మనిషికి కి.మీ.కి సుమారు 70 కిలో క్యాలరీలు ఖర్చవుతాయి, అందులో నాలుగింట మూడు వంతులు వేడిగానే మారుతుంది. వేగం పెంచితే నిమిషానికి పుట్టే వేడి పెరుగుతుంది, అది బయటికి పోయే దారి మాత్రం పెరగదు.

అందుకని వెదర్ యాప్‌లో డ్యూ పాయింట్ (గాలిలో తేమ మంచుబొట్లుగా మారే ఉష్ణోగ్రత) చూడండి. నేను వాడే లెక్క ఇది: 18 లోపు ఉంటే చలికాలం పేస్‌కి దగ్గర్లో వెళ్లొచ్చు. 21, 22 దగ్గర 3, 4 శాతం నెమ్మది. 24 దాటితే రెండు గంటల పరుగుకి 8 నుంచి 12 శాతం. వైజాగ్‌లో ఏప్రిల్, మే నెలల్లో 24 నుంచి 26 మామూలే. కాబట్టి మీ లక్ష్యం 2 గంటలు కాదు, 2:14.

ఇప్పుడు ఈ దారిలో అందరూ దెబ్బతినే చోటు. వేసవిలో మనకి గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. బీచ్ రోడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి ఉంటుంది. అంటే వెళ్లేటప్పుడు గాలి వీపు వెనక ఉంటుంది. కాళ్లు తేలిగ్గా పడతాయి, వాచీలో మంచి స్ప్లిట్స్ (ఒక్కో కి.మీ.కి పట్టిన టైము) కనిపిస్తాయి. కానీ గాలీ మీరూ ఒకే వైపు పోతున్నారు కాబట్టి ఒంటికి గాలి తగలదు, చెమట అసలే ఆరదు. ఒళ్లు వేడెక్కేది ఈ సగంలోనే. వచ్చేటప్పుడు ఎదురుగాలి కాస్త శక్తి తింటుంది గానీ చల్లబరుస్తుంది. ఈ దారిలో మొదటి సగం నెమ్మదిగా, రెండో సగం కొంచెం వేగంగా పోవడమే సరైన పద్ధతి.

మీ అంకెలు: మొదటి 3 కి.మీ. 6:35 చొప్పున. అక్కడి నుంచి ఋషికొండ తిరుగు (వెనక్కి మళ్లే చోటు) దాకా 6:25. తిరుగుకి వాచీలో 1:08 దగ్గర ఉండాలి. వచ్చేటప్పుడు ఒళ్లు సహకరిస్తే 6:15. అన్నీ కలిపితే 2:14 అవుతుంది. అప్పూఘర్ దాటాక తెన్నేటి పార్కు వైపు ఎక్కే చోట పేస్ చూడొద్దు, ఊపిరి చూడండి. రెండు మూడు మాటలు కలిపి మాట్లాడలేకపోతే ఎక్కువైనట్టే, అక్కడ 6:50 పడినా పరవాలేదు. దిగేటప్పుడు దాన్ని రాబట్టాలని చూడొద్దు.

హార్ట్ రేట్ బెల్ట్ ఉంటే ఇంకా మంచిది. మొదటి 5 కి.మీ. మీ గరిష్ఠంలో 80 శాతం లోపు, తిరుగు దాకా 85 లోపు. వేడిలో రక్తం చర్మానికీ కండరాలకీ రెండు చోట్లకీ పోవాలి, చెమటతో రక్తంలో నీరు కూడా తగ్గుతుంది. అందువల్ల అదే పేస్‌కి గుండె గంట తర్వాత 10, 15 ఎక్కువ కొట్టుకుంటుంది. ముందే 88 శాతంలో ఉంటే ఆ పెరుగుదలకి చోటుండదు, 14వ కి.మీ. దగ్గర నడక మొదలవుతుంది.

ఎండ గురించి కూడా. ఆ రోజుల్లో ఐదున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు. కైలాసగిరి నీడ దొరుకుతుందని కొందరు అనుకుంటారు, కొండ రోడ్డుకి పడమటి వైపుంది, పొద్దున్న నీడ ఇవ్వదు. వచ్చేటప్పుడు ఎండ ఎడమ పక్క నుంచి మెడ వెనక కొడుతుంది, టోపీ అయితే జాలీగుడ్డది, వెనక మెడ కప్పేది తీసుకోండి. కాటన్ బనియన్ వద్దు, తడిసి బరువెక్కి చర్మాన్ని కోసేస్తుంది. చంకలకీ తొడలకీ వాజలిన్ రాయండి, పౌడర్ ఈ తేమలో అర గంట కూడా నిలవదు.

ఉప్పు_చక్కెర_లెక్క

పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. నీళ్ల విషయంలో మీకు చెప్పిన రెండు సలహాల కంటే ముందు మీ చెమట ఎంతో తెలియాలి. రేసుకి పది రోజుల ముందు, అదే టైములో, అదే పేస్‌తో గంటసేపు పరిగెత్తండి. ముందు మూత్రవిసర్జన చేసి బట్టల్లేకుండా బరువు చూడండి, వచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. 70.0 నుంచి 68.9కి తగ్గి, మధ్యలో 300 మి.లీ. తాగారనుకోండి, గంటకి 1.4 లీటర్లు పోతోందన్నమాట. 2:14 గంటలకి 3.1 లీటర్లు. అదంతా తిరిగి తాగనక్కర్లేదు, తాగినా కడుపు దించుకోలేదు. బరువులో 2 నుంచి 3 శాతం, అంటే మీకు సుమారు 2 లీటర్ల లోటు వరకు ఆగొచ్చు. మిగిలింది 1.1 లీటర్లు. మీ దారిలో ఎనిమిది పాయింట్లు, గ్లాసుకి 150 మి.లీ., సరిగ్గా 1.2 లీటర్లు. ప్రతి పాయింటు దగ్గరా ఒక్క గ్లాసు, అంతే. గ్లాసు అంచు రెండు వేళ్లతో నొక్కి ముక్కులా చేస్తే ముక్కులోకి పోకుండా తాగొచ్చు.

రేసు తర్వాత బరువు ముందుకంటే పెరిగిందంటే తప్పు చేసినట్టు. అదే పనిగా నీళ్లు తాగేవాళ్లకి రక్తంలో సోడియం లీటరుకి 135 మిల్లీమోల్స్ కంటే కిందికి పడిపోతుంది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుస్తుంది, తలనొప్పి, వాంతి, తర్వాత మతి తప్పడం. ముఖ్యంగా 2:45 పైన పట్టేవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే నెమ్మదిగా వెళ్తారు, చెమట తక్కువ, తాగే తీరిక ఎక్కువ. దీనికి ఉప్పు మాత్రలు అడ్డు కావు, నీళ్లు తగ్గించడమే మందు.

సోడియం: చెమటలో లీటరుకి 500 నుంచి 1,500 మి.గ్రా. దాకా మనిషిని బట్టి మారుతుంది. నల్ల టీషర్టు మీద తెల్లటి గీతలు కడితే మీరు ఎక్కువ వైపు. రెండుంపావు గంటల పరుగుకి 600 నుంచి 800 మి.గ్రా. వెళ్తే చాలు. ఇంట్లో చేసుకునే సీసా: అర లీటరు నీళ్లు, 30 గ్రా. పంచదార, పావు టీస్పూను ఉప్పు గీతకి సమంగా (1.5 గ్రా., దాదాపు 590 మి.గ్రా. సోడియం), సగం నిమ్మకాయ. ఇది 6 శాతం ద్రావణం. 8 దాటితే కడుపులోంచి దిగడం ఆలస్యమై, పరిగెత్తుతుంటే లోపల నీళ్లు కదులుతాయి.

కొబ్బరినీళ్లు పరుగయ్యాక తాగండి. అందులో పొటాషియం చాలా ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది దానికి తలకిందులు. గ్లూకోజ్ పొడిలో చక్కెర ఉంటుంది, ఉప్పు దాదాపు ఉండదు. ఓఆర్ఎస్ అయితే ఉప్పుకి గట్టిది: 21.8 గ్రా. సాచెట్ లీటరు నీళ్లలో కలిపితే సోడియం 1,700 మి.గ్రా. పైనే, కానీ గ్లూకోజ్ 13.5 గ్రాములే. అంటే శక్తికి పనికిరాదు. మెడికల్ షాపులో పళ్ల రసం రుచుల్లో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి నీళ్లని ఓఆర్ఎస్ అనుకోకండి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాని వాటి మీద ఆ పేరు వాడొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా. సాచెట్ వెనక సోడియం క్లోరైడ్ 2.6 గ్రా. అని ఉందో లేదో చూసి కొనండి.

శక్తికి గంటకి 40 నుంచి 45 గ్రా. కార్బోహైడ్రేట్ సరిపోతుంది, మొత్తం 95 గ్రా. చుట్టూ. 22 గ్రా. జెల్స్ మూడు, పైన చెప్పిన సీసా ఒకటి. జెల్ 35వ, 70వ, 100వ నిమిషం దగ్గర. జెల్‌ని వాటర్ పాయింటుకి కాస్త ముందు విప్పి, మామూలు నీళ్లతో దించండి. జెల్ మీద తియ్యటి సీసా తాగితే రెండు చక్కెరలూ కలిసి కడుపులో చిక్కబడి వికారం తెస్తాయి. వేడిలో పేగులకి రక్తం ఎలాగూ తగ్గిపోయి ఉంటుంది, అందుకే జెల్‌కి ముందు ఒక నిమిషం పేస్ 15 సెకన్లు తగ్గించండి, తేలిగ్గా దిగుతుంది. సీసా నుంచి తాగితే ఆ పాయింటులో గ్లాసు వదిలేయండి, లేకపోతే 1.2 లీటర్ల లెక్క తప్పుతుంది. జెల్ బదులు బెల్లం కావాలంటే 20 గ్రా. ముక్క దాదాపు ఒక జెల్‌తో సమానం, కాకపోతే ఈ ఉక్కలో కరిగి చేతికి అంటుకుంటుంది, చిన్న కవర్లో కట్టుకోవాలి. పల్లీచిక్కీ వద్దు, నూనె వల్ల ఆలస్యంగా అరుగుతుంది.

శనివారం రాత్రి పెరుగన్నమో పులిహోరో, పప్పూ ఆకుకూరలూ తక్కువగా. బిర్యానీ ఆదివారం మధ్యాహ్నానికి ఉంచుకోండి. రాత్రి రెండున్నరకి లేచి మూడు బ్రెడ్ స్లైసులు జామ్‌తో, ఒక అరటిపండు, అదంతా 75 గ్రా. అవుతుంది. ఇడ్లీ అలవాటైతే నాలుగు ఇడ్లీలు తేనెతో, సాంబారూ కారప్పొడీ లేకుండా. మూడు గంటలకి 400 మి.లీ. నీళ్లు. తర్వాత స్టార్టుకి పది నిమిషాల ముందు రెండు గుక్కలు చాలు.

సాగర్‌నగర్_రన్నర్

చాలా ఉపయోగం అండి ఇద్దరికీ. రెండు సందేహాలు. 16, 17 కి.మీ. దగ్గర పిక్కలు పట్టేస్తుంటాయి, అది ఉప్పు తక్కువవడం కాదా? మోకాలు నొప్పికి స్టార్టుకి ముందు ఒక ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చా?

ఎయిడ్‌స్టేషన్_వైజాగ్

మాత్ర వద్దండి, గట్టిగా చెబుతున్నాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి మూత్రపిండాలకి రక్తం తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తగ్గి, వేడెక్కి ఉన్నప్పుడు అది కిడ్నీ మీద రెట్టింపు భారం. పైగా నీటిని ఒంట్లో పట్టి ఉంచి సోడియం ఇంకా పడేలా చేస్తాయి. మాత్ర లేకపోతే పరిగెత్తలేనంత నొప్పి ఉంటే ఆ ఆదివారం పరుగు మానేయడమే.

పిక్కలు పట్టేది చాలాసార్లు ఉప్పు వల్ల కాదు, అలసిన కండరం వల్ల. ఉప్పు వల్లే అయితే ఒళ్లంతా అక్కడక్కడా లాగుతుంది, కేవలం ఎక్కువ పని చేసిన పిక్క ఒక్కటే పట్టదు. ఆగి, కాలు చాచి, పాదాన్ని మీ వైపు లాగి 20, 30 సెకన్లు పట్టుకోండి, సడలుతుంది. మొదటి సగం నెమ్మదిగా పోతే సగం సమస్య అక్కడే పోతుంది.

ఉప్పు_చక్కెర_లెక్క

చాలామందికి అంతే గానీ, టీషర్టు మీద తెల్లగీతలు కట్టేవాళ్లకి సీసాలో ఉప్పు పెంచడం వల్ల తేడా కనిపిస్తుంది. పావు స్పూను కాకుండా మూడింట ఒక వంతు స్పూను, రెండు లాంగ్ రన్స్‌లో ప్రయత్నించి చూడమనండి. రేసు రోజు కొత్తగా మాత్రం వద్దు.

ఎయిడ్‌స్టేషన్_వైజాగ్

సరే, ప్రయత్నించడంలో తప్పులేదు. సీసా ఒక్కటే కాబట్టి మోతాదు దాటదు.

చల్లబరుచుకునే సంగతి ఎవరూ అనలేదు. తేమలో మామూలు నీళ్లు తల మీద పోసుకుంటే ఆరవు కాబట్టి పెద్దగా లాభం లేదు, బూట్లు తడిసి బొబ్బలొస్తాయి. ఐసు పనిచేస్తుంది. పలచటి చేతిరుమాలులో గుప్పెడు ఐసు మూటకట్టి మెడ వెనక పెట్టుకోండి, టోపీ కింద నాలుగు ముక్కలు. స్టార్టుకి అర గంట ముందు సన్నగా దంచిన మంచినీళ్ల ఐసు నీళ్లతో కలిపి అర లీటరు కొద్దికొద్దిగా తాగితే లోపలి ఉష్ణోగ్రత కాస్త దిగి మొదలవుతుంది. ఒకసారి ప్రాక్టీసులో చూశాకే.

గ్రూపులో ఇద్దరికైనా ఇది తెలిసి ఉండాలి: పక్కవాళ్లు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, కోపంగా తోసేస్తున్నా అది వడదెబ్బ అనుకునే పని మొదలుపెట్టండి. చెమట పడుతోంది కదా అని వదిలేయొద్దు, పరుగులో వచ్చే వడదెబ్బలో ఒళ్లు తడిగానే ఉంటుంది. 108కి ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టాలి, అంబులెన్స్ కోసం ఆగకూడదు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటాక మొదటి అర గంటే కీలకం. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో ఐసు నీళ్లు ఉంటే మెడ దాకా కూర్చోబెట్టి, చంకల కింద నుంచి తువ్వాలుతో ఒకరు పట్టుకుని తల మునగకుండా చూడాలి, ఇంకొకరు నీళ్లు కలుపుతూ ఉండాలి. తొట్టి లేకపోతే పది తువ్వాళ్లు ఐసు నీళ్లలో ముంచి తల, ఛాతీ, చంకలు, గజ్జల మీద వేసి, రెండు నిమిషాలకోసారి మార్చండి. మతి లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఋషికొండ తిరుగు దగ్గర ఒక తొట్టి, 16వ కి.మీ. దగ్గర ఒకటి పెట్టుకోండి. ఐసు ఫ్యాక్టరీలో బ్లాకులు దొరుకుతాయి, గోనెసంచిలో చుట్టి పొట్టు పోస్తే పొద్దున్నదాకా నిలుస్తాయి. ఆ బ్లాకు ఐసు తొట్టికీ తువ్వాళ్లకే, తాగే నీళ్లలో వేయకండి. చేపల కోసం చేసే ఐసుకి వాడేది మంచినీళ్లన్న హామీ లేదు. తాగడానికి విడిగా ప్యాకెట్ ఐసు క్యూబులు కొని, వేరే డబ్బాలో, వేరే గరిటెతో పెట్టండి.